ఈ రంగులు నిజంగా ఆకాశంలో ఉన్నాయా?

పోయిన సంక్రాంతి సెలవుల్లో, కనిగిరికి అవతల ఉన్న మా ఊళ్లో, పెద్దమ్మ వాళ్ల మిద్దె మీద ట్రైపాడ్ నిలబెట్టి ఓరియన్ నీహారికను, అంటే చుక్కల మధ్య వెలిగే ఒక వాయువు, ధూళి మేఘాన్ని, ఫోటో తీశాను. రాత్రి పది గంటల వేళ అది నడినెత్తికి దగ్గరగా వచ్చింది. మరునాడు కంప్యూటర్‌లో ఫోటో సిద్ధం చేసి చూపిస్తే, గులాబీ, నీలం రంగులు కలిసిన ఆ మబ్బుతునకను పెద్దమ్మ కళ్లజోడు సరిచేసుకుని చాలాసేపు చూసింది. రాత్రి తాను కూడా మిద్దెక్కి అదే చోటును చూసింది. ఆమెకు అక్కడ కనిపించింది వరసగా మూడు చుక్కలు, వాటి దిగువన మసకగా ఒక మరక మాత్రమే. అందుకని అడగవలసిన ప్రశ్నే అడిగింది: “ఇన్ని రంగులు నిజంగా ఆడ ఉండాయా నాయనా, లేకుంటే నువ్వేసినవా?”

అవునన్నా, కాదన్నా అది సగం జవాబే అవుతుంది. ఫోన్లలో రోజూ మనకు చేరే అంతరిక్ష చిత్రాలను చూసి ఆనందించే ప్రతివారూ ఏదో ఒకనాడు ఈ ప్రశ్న దగ్గర ఆగుతారు. కొందరు అన్నీ నిజమేనని నమ్మేస్తారు, కొందరు అంతా కంప్యూటర్ మాయ అని తోసేస్తారు. ఈ చిక్కుముడిలో మూడు పోగులున్నాయి. ఎంతసేపు చూశాం, ఎన్నిసార్లు చూశాం, ఏ రంగును ఏ రంగుగా చూపించాం అన్నవే ఆ మూడు. వాటిని విడివిడిగా పట్టుకుంటే పెద్దమ్మకు సరైన జవాబు చెప్పవచ్చు.

మన కన్ను వెలుగును కూడబెట్టదు. సెకనులో చిన్న భాగం పాటు అందిన కాంతితో ఒక దృశ్యాన్ని మెదడుకు పంపి, వెంటనే కొత్తదానికి సిద్ధమవుతుంది. నడిచేవాడికి, వేటాడేవాడికి అలాంటి కన్నే కావాలి. కెమెరాలోని సెన్సర్ మాత్రం వానలో పెట్టిన బిందెలాంటిది. ఎంతసేపు తెరిచి ఉంచితే అంత వెలుగు అందులో నిండుతుంది. ఓరియన్ నీహారిక మనకు సుమారు 1,340 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అంటే ఆ రాత్రి మా మిద్దె మీద పడిన కాంతి ఏడో శతాబ్దంలో బయలుదేరింది. మా ప్రాంతంలోని భైరవకోనలో కొండను తొలిచి శివాలయాలు చెక్కిన పల్లవుల యుగం అది. అంత దూరం నుంచి వచ్చి కంటికి చేరే వెలుగు బొట్లు బొట్లుగానే ఉంటుంది. ఆ బొట్లను పోగు చేయడమే ఈ ఫోటోగ్రఫీ చేసే మొదటి పని.

కానీ బిందెను ఎంతసేపైనా ఉంచడానికి భూమి ఒప్పుకోదు. భూమి తిరగడం వల్ల ఆకాశం గంటకు 15 డిగ్రీల చొప్పున పడమటికి జరుగుతున్నట్టు కనిపిస్తుంది. కదలని ట్రైపాడ్ మీద కెమెరా ఉంటే కొన్ని సెకన్లకే చుక్క గీతగా సాగుతుంది. 500ను లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో, అంటే లెన్స్ మీద మిల్లీమీటర్లలో రాసి ఉండే కొలతతో, భాగిస్తే ఎన్ని సెకన్లు వస్తాయో అంతకు మించి తెరవవద్దని ఫోటోగ్రాఫర్లు ఒక మోటు లెక్క చెబుతారు. సెన్సర్ చిన్నదైతే ఆ గడువు ఇంకా తగ్గుతుంది. నా దగ్గర ఉన్నది చిన్న సెన్సర్ ఉన్న పాత డీఎస్ఎల్ఆర్ కెమెరా, 50 మిల్లీమీటర్ల లెన్స్. లెక్క ప్రకారం పది సెకన్లు, సెన్సర్ చిన్నది కాబట్టి ఆరు సెకన్ల దాకా వెళ్లవచ్చు గాని, చుక్కలు గుండ్రంగా రావాలని మూడు సెకన్ల దగ్గరే ఆగాను. మూడు సెకన్ల ఫోటో ఒక్కటే తీసి చూస్తే ఇసుక చల్లినట్టు గరుకుగా, బూడిద రంగులో, నిరుత్సాహం కలిగించేలా ఉంటుంది. కొత్తగా ఈ పని మొదలుపెట్టినవారు చాలామంది ఇక్కడే మానేస్తారు.

వారు మానేయకుండా ఉండాలంటే రెండో పోగు తెలియాలి. ఆ రాత్రి నేను తీసింది ఒక ఫోటో కాదు, నాలుగు వందలు. తిరునాళ్లలో మైకుల గోల మధ్య ఒక మనిషి ఒకే మాటను మళ్లీ మళ్లీ చెబుతున్నాడనుకోండి. మొదటిసారి మనకేమీ అర్థం కాదు. పదిసార్లు విన్నాక, మారుతూ ఉండే గోల పక్కకు తప్పుకుని, మారని మాట నిలబడుతుంది. స్టాకింగ్ అనే ప్రక్రియలో జరిగేది అదే. సాఫ్ట్‌వేర్ ప్రతి ఫోటోలోని చుక్కలను ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోబెట్టి సగటు తీస్తుంది. నీహారిక అన్ని ఫోటోలలోనూ అదే చోట ఉంటుంది, గరుకుదనం మాత్రం ఒక్కో ఫోటోలో ఒక్కోలా ఉంటుంది. ఆ గరుకు ఫోటోల సంఖ్యకు వర్గమూలం చొప్పున తగ్గుతుంది. నాలుగు ఫోటోలకు సగమవుతుంది, వందకు పదో వంతు, నాలుగు వందలకు ఇరవయ్యో వంతు అవుతుంది. అక్కడి నుంచి ఇంకో రెండింతలు మెరుగుపడాలంటే పదహారు వందలు తీయాలి. అనుభవజ్ఞులు ఒకే నీహారిక కోసం పది రాత్రులు ఎందుకు కూర్చుంటారో ఈ వర్గమూలమే చెబుతుంది.

ఇందుకు వాడే డీప్‌స్కైస్టాకర్, సిరిల్ వంటి సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి. 2019లో గూగుల్ పిక్సెల్ ఫోన్లలో వచ్చిన ఆకాశ ఫోటోల సదుపాయం కూడా లోపల ఇదే చేస్తుంది. పదహారేసి సెకన్ల ఫోటోలను నాలుగు నిమిషాల దాకా తీసి కలుపుతుంది. నీహారిక ఫోటోలతో పాటు లెన్స్‌కు మూత పెట్టి కొన్ని చీకటి ఫోటోలు కూడా తీయాలి. సెన్సర్ తనంతట తాను పుట్టించే తప్పుడు వెలుగు ఎంతో వాటిలో బయటపడుతుంది, దాన్ని అసలు ఫోటోలలోంచి తీసివేస్తారు. మూత పెట్టి ఫోటో తీస్తుంటే చూసేవారికి వింతగా ఉంటుంది గాని, చిత్రంలో ఏది ఆకాశానిది, ఏది కెమెరాది అని వేరుచేసే పని అక్కడే జరుగుతుంది. తూకం వేసేముందు ఖాళీ తట్ట బరువు చూసుకోవడం వంటిదది.

వెలుగును ఇలా కూడబెట్టే ఆలోచన డిజిటల్ కాలానికి చెందినది కాదు. అమెరికాలో వైద్యుడైన హెన్రీ డ్రేపర్ 1880 సెప్టెంబరు 30న ఇదే ఓరియన్ నీహారికను 51 నిమిషాల పాటు ఫోటో పలక మీదికి పట్టాడు. నీహారికకు అదే మొదటి ఫోటో. మూడేళ్లకు ఇంగ్లండులో ఆండ్రూ కామన్ అనే ఇంజనీరు తీసిన చిత్రంలో, ఎంత పెద్ద దూరదర్శినిలోనైనా కంటికి కనిపించని నక్షత్రాలు కనిపించాయి. ఫోటో అప్పటిదాకా కంటికి సాక్ష్యం, ఆనాటి నుంచి అది కంటిని దాటిన సాక్షి. ఆ ఇద్దరికీ ఖగోళశాస్త్రం జీతం ఇచ్చే ఉద్యోగం కాదని నేను ప్రత్యేకంగా గుర్తుచేసుకుంటాను.

ఇక మూడో పోగు రంగు. పెద్దమ్మ ప్రశ్నలోని అసలు బరువంతా దీనిమీదే ఉంది.

చీకట్లో మన కంటికి రంగులు తెలియవు. మసక వెలుతురులో పనిచేసే కణాలు, రంగులు గుర్తించే కణాలు వేరువేరు. ముగ్గుల్లోని రంగులన్నీ తెల్లవారుజామున బూడిద రంగులోనే కనిపించడం సంక్రాంతి నెలలో ఎవరైనా గమనించగలిగిన సంగతే. నీహారిక విషయంలోనూ అంతే. దానిలో ఎరుపు ఉంది, కాని ఆ ఎరుపును గుర్తించగల కణాలు మేల్కొనేంత వెలుగు మన కంటికి అందడం లేదు. పెద్ద దూరదర్శినిలో చూసిన కొందరికి అది లేత ఆకుపచ్చగా తోస్తుంది. అక్కడి ఆక్సిజన్ వెలువరించే 500.7 నానోమీటర్ల అలపొడవు గల కాంతి చీకటి కంటికి బాగా తెలిసే అలల పరిధిలో ఉండటమే అందుకు కారణం.

ఆ ఎరుపు హైడ్రోజన్‌ది. నీహారిక నడుమ ఉన్న వేడి నక్షత్రాల కాంతి తగిలి చెదిరిన హైడ్రోజన్ తిరిగి కుదుటపడేటప్పుడు 656.3 నానోమీటర్ల వద్ద ఎర్రని కాంతిని విడుస్తుంది. ఈ కాంతికి మనకు దగ్గరలోని గుంటూరుతో ఒక చుట్టరికం ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం గుంటూరు మీదుగా సాగినప్పుడు, ఫ్రాన్సు నుంచి వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ సూర్యుని అంచున ఎగసే జ్వాలల కాంతిని అక్కడే విడదీసి చూశాడు. వాటిలో మెరిసిన గీతలు హైడ్రోజన్‌వని ఆనాటి పరిశీలనల్లో తేలింది. టెన్నెంట్ అనే సైనికాధికారి బృందం ఆ గ్రహణాన్ని గుంటూరులోనే ఫోటోలు కూడా తీసింది. మా మిద్దె మీద కెమెరా పట్టుకున్నది ఆ హైడ్రోజన్ ఎరుపునే. అయితే మామూలు కెమెరాల్లో మనుషుల ముఖాలు సహజంగా రావడానికి పెట్టే ఫిల్టర్ ఈ ఎరుపులో చాలా భాగాన్ని అడ్డుకుంటుంది. కాబట్టి నా ఫోటోలోని గులాబీ రంగు ఉన్నదానికంటే తక్కువే. నేను రంగు వేయలేదు సరికదా, ఉన్న రంగును పూర్తిగా పట్టలేకపోయాను.

హబుల్ దూరదర్శిని 1995లో తీసిన ‘సృష్టి స్తంభాలు’ చిత్రం సంగతి వేరు. గరుడ నీహారికలోని ఆ ధూళి స్తంభాలను మూడు సన్నని ఫిల్టర్లతో విడివిడిగా తీశారు. ఒకదానిలో గంధకం కాంతి, ఒకదానిలో హైడ్రోజన్, ఇంకొకదానిలో ఆక్సిజన్ కాంతి. గంధకానిదీ ఎరుపే, హైడ్రోజన్‌దీ ఎరుపే. వాటిని ఉన్నవి ఉన్నట్టు చూపిస్తే రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఏ వాయువు ఎక్కడుందో తెలియదు. అందుకని గంధకానికి ఎరుపు, హైడ్రోజన్‌కు ఆకుపచ్చ, ఆక్సిజన్‌కు నీలం కేటాయించారు. ఆ రంగులు కంటికి కనిపించేవి కావు, అలాగని ఊహించి వేసినవీ కావు. పటంలో నదికి నీలం, అడవికి పచ్చ వేసినట్టు, ప్రతి రంగు వెనుక కొలిచిన ఒక వాస్తవం ఉంది. జేమ్స్ వెబ్ దూరదర్శిని చిత్రాలు 2022 జూలై నుంచి మనకు చేరుతున్నాయి. వాటిలోని పరారుణ కాంతి మన కంటికి అసలే అందదు కాబట్టి, దానికి ఏదో ఒక రంగు ఇవ్వక తప్పదు.

రంగు వెనుక ఉన్న సంకేతం చెప్పకుండా చిత్రం ఒక్కటే చేతులు మారితే ఏమవుతుందో మన దేశమే చూసింది. ‘దీపావళి రాత్రి అంతరిక్షం నుంచి భారతదేశం’ అంటూ ఏటా మన ఫోన్లకు వచ్చే రంగురంగుల పటం ఏ దీపావళి నాడూ తీసినది కాదు. అనేక సంవత్సరాల ఉపగ్రహ సమాచారాన్ని కలిపి అమెరికా శాస్త్రవేత్త ఒకరు దాన్ని తయారుచేశారు. 1992కు ముందే ఉన్న దీపాలు అందులో తెలుపు. 1992లో కొత్తగా కనిపించినవి నీలం, 1998లో కనిపించినవి ఆకుపచ్చ, 2003లో కనిపించినవి ఎరుపు. మన ఊళ్లు ఎలా పెరిగాయో చెప్పే గొప్ప పటం అది. దాని కింది వివరం రాలిపోవడంతో అబద్ధమైంది. ఆ పటంలోని ఒక్క చుక్కా కల్పితం కాకపోయినా ఇలా జరగడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

మరి ఫోటోను ఎంతవరకు దిద్దవచ్చు? చీమకుర్తి క్వారీలలో తీసే నల్లరాయిని ప్రపంచమంతా బ్లాక్ గెలాక్సీ అనే పేరుతో కొంటుంది. గని నుంచి తీసిన దిమ్మె చూస్తే మామూలు నల్లరాయే. పాలిష్ పట్టాక దానిలో రాగి, బంగారు ఛాయల రవ్వలు చుక్కల ఆకాశంలా తేలుతాయి. పాలిష్ పట్టినవాడు ఆ రవ్వలను పెట్టలేదు, రాయిలో ఉన్నవాటినే పైకి తెచ్చాడు. మసకగా ఉన్న వెలుగును సాగదీసి చూపించడం, నగరపు కాంతి వల్ల వచ్చిన పసుపు పొరను తీసివేయడం ఇటువంటి పాలిష్ పనులే అని నా అభిప్రాయం. ఓరియన్ నడిబొడ్డున ఉన్న నాలుగు నక్షత్రాలు అతి వెలుగులో మునిగిపోకుండా వాటికి తక్కువ వ్యవధి ఫోటోలు విడిగా తీసి కలపడమూ సమ్మతమే, కలిపానని చెప్పినంతకాలం. ఎక్కడిదో పాలపుంతను తెచ్చి ఎక్కడిదో గోపురం మీద అతికించి, ఒకే రాత్రి ఒకే చోట తీసినట్టు చూపించడం మాత్రం రాయి మీద రంగు చుక్కలు పెట్టి అమ్మడంతో సమానం. కొన్ని ఫోన్లు మసకగా తీసిన చంద్రుడికి తమకు నేర్పిన చంద్రుని చిత్రాల ఆధారంగా గుంటలు, మచ్చలు నింపి ఇస్తాయి. ఆ ఫోటోలోని వివరాలు తీసినవారి రాత్రివి కావు.

స్టాకింగ్‌లో ఒక సున్నితమైన విషయం ఉంది. నాలుగు వందల ఫోటోలలో ఒకటి రెండింటిలో ఉపగ్రహం గీసిన గీత ఉంటే, సాఫ్ట్‌వేర్ దాన్ని తేడాగా గుర్తించి తొలగిస్తుంది. అందానికి అది మంచిదే. కాని ఆ ఉపగ్రహం నిజంగానే అక్కడ ఉంది. అందువల్ల విడి ఫోటోలను చెరిపివేయకూడదని నేను గట్టిగా నమ్ముతాను. 2016 సెప్టెంబరు 20న అర్జెంటీనాలో తాళాల పని చేసుకునే విక్టర్ బూసో తన ఇంటి మీది దూరదర్శినికి కొత్త కెమెరా బిగించి పరీక్షిస్తూ, కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎన్‌జీసీ 613 గెలాక్సీని వరసగా ఫోటోలు తీశాడు. మొదటి ఫోటోలలో లేని చుక్క ఒకటి తరువాతి వాటిలో క్రమంగా వెలిగింది. ఒక నక్షత్రం పేలుతున్న తొలి వెలుగు అది. శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఆ క్షణం ఆయన విడి ఫోటోలలో, వరస క్రమంలో దొరికింది. ఆయన ఆ ఫోటోలను తన దగ్గరే ఉంచుకోకుండా ఇతరులకు తెలిపినందువల్లే పెద్ద దూరదర్శినులు వెంటనే అటు తిరిగాయి.

మన జిల్లాల వారు ఈ పనికి దిగితే మొదట తెలుసుకోవలసింది మన ఆకాశం ఎంత భాగ్యవంతమైనదో. నెల్లూరు సుమారు 14.5 డిగ్రీల, ఒంగోలు 15.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి. ధ్రువనక్షత్రం మనకు ఉత్తరాన అంతే ఎత్తులో, చెట్ల కొమ్మల మీదుగా కనిపిస్తుంది. దానికి బదులుగా దక్షిణ ఆకాశం దాదాపు అంతా మనకు తెరుచుకుంటుంది. అగస్త్య నక్షత్రం ఫిబ్రవరి రాత్రుల్లో దక్షిణాన 22 డిగ్రీల ఎత్తున మెరుస్తుంది, లండన్‌లో ఉన్నవారికి అది ఎన్నడూ ఉదయించదు. సుమారు 17,000 కాంతి సంవత్సరాల దూరంలో, కోటి నక్షత్రాల ముద్దగా ఉండే ఒమేగా సెంటారీ మే నెల రాత్రుల్లో మనకు చక్కని ఎత్తుకు వస్తుంది. పాలపుంత నడిబొడ్డు మనకు 45 డిగ్రీలకు పైగా లేస్తుంది, లండన్‌లో అది పది డిగ్రీలు కూడా లేవదు. మార్చి నెలలో అర్ధరాత్రి దాటాక కొత్తపట్నం తీరంలోనో, మైపాడు తీరంలోనో నిలబడితే, ఆ నడిబొడ్డు ఆగ్నేయాన సముద్రంలోంచి పైకి రావడం చూడవచ్చు.

మన రైతులకు మృగశిర, ఆరుద్ర కార్తెలు పేరు పేరునా తెలుసు. కాని జూన్‌లో, జూలై మొదట్లో ఆ కార్తెలు నడిచేటప్పుడు సూర్యుడు ఆ నక్షత్రాల దగ్గరే ఉంటాడు కనుక, ఆ నక్షత్రాలు పగటి వెలుగులో దాగి ఉంటాయి. వాటిని చూడాలన్నా, ఫోటో తీయాలన్నా చలికాలమే తగిన సమయం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల మబ్బులు మనల్ని కమ్మేస్తాయి. కాబట్టి మన కాలం జనవరిలో మొదలై వేసవి మసక ముదిరేదాకా సాగుతుంది. ఆ నెలల్లోనూ తీరంలో గాలి తేమ ఎక్కువ. గంట తిరిగేలోగా లెన్స్ మీద మంచు పట్టి చుక్కలన్నీ ఉబ్బిపోతాయి. లెన్స్ చుట్టూ గుడ్డ చుట్టి కొంచెం వెచ్చగా ఉంచితే ఆ ఇబ్బంది తగ్గుతుంది.

తేమ కంటే పెద్ద అడ్డంకి దీపాలు. తీరం వెంబడి రొయ్యల చెరువుల గట్ల మీద, క్వారీల్లో, ఓడరేవు దగ్గర, జాతీయ రహదారి పొడవునా రాత్రంతా తెల్లని వెలుగు పైకి ఎగజిమ్ముతోంది. ఆ దీపాలు అక్కరలేదని ఎవరూ అనరు, వాటి కింద మనుషులు పని చేస్తున్నారు. పైభాగానికి మూత పెట్టి వెలుగు నేల మీదికే పడేలా అమర్చితే పనివారికి ఎక్కువ వెలుతురు అందుతుంది, చిన్న బల్బుతోనే సరిపోతుంది, పాలపుంత కూడా మిగులుతుంది. ఉదయగిరి, రాపూరు వైపు, అలాగే నల్లమల అంచున గిద్దలూరు, కంభం వైపు ఇంకా చీకటి మిగిలి ఉంది.

ఫోటోలు పంచుకోవడం వల్ల ఒరిగేదేమిటని అడిగేవారికి ఆండ్రోమెడా కథ చెప్పాలి. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలోని ఆ గెలాక్సీ అంతగా ఫోటోలకెక్కినవి ఆకాశంలో ఎన్నో లేవు. అయినా దాని పక్కనే ఆక్సిజన్ కాంతితో మెరిసే పెద్ద విల్లు ఒకటుందని 2022 దాకా ఎవరికీ తెలియదు. డ్రెక్స్లర్, స్ట్రాట్నర్, సైంటీ అనే ఔత్సాహికులు, ఒకరు తీసిన ఫోటోలను మరొకరు పరిశీలిస్తూ, ఆక్సిజన్ ఫిల్టర్‌తో రాత్రుల తరబడి వెలుగును కూడబెట్టి దాన్ని బయటపెట్టారు. తమ ఫోటోలో కనిపించింది మచ్చా, నిజమా అని తేల్చుకోవడానికి ఇతరులు వేరే పరికరాలతో తీసిన ఫోటోలతో పోల్చారు. ఒక్కరి ఫోటో అందంగా ఉంటుంది, పదిమంది ఫోటోలు ఒకే మాట చెబితే అది జ్ఞానమవుతుంది. 1887లో పారిస్‌లో మొదలైన ఆకాశ పట నిర్మాణం కూడా ఇలాంటి పంపకమే. దేశదేశాల వేధశాలలు ఆకాశాన్ని ముక్కలుగా పంచుకుని ఫోటో పలకల మీదికి తీశాయి. హైదరాబాదులోని నిజామియా వేధశాల తన వాటాగా దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మధ్య ఉన్న పట్టీని పూర్తిచేసింది.

అంతరిక్ష చిత్రాలను రోజుకొకటి చొప్పున 1995 జూన్ 16 నుంచి ప్రచురిస్తున్న నాసా శీర్షికలో ఔత్సాహికుల ఫోటోలకు పెద్ద దూరదర్శినుల చిత్రాల పక్కనే చోటు దొరుకుతుంది. ప్రతి చిత్రం కింద ఒక శాస్త్రజ్ఞుడు రాసిన వివరణ ఉంటుంది. చిత్రాన్ని దాచుకునేవారు ఆ వివరణను కూడా దాచుకోవాలని, ముందుకు పంపేవారు కలిపి పంపాలని నేను కోరుకుంటాను. ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని సెకన్లు, ఎన్ని ఫోటోలు, ఏ ఫిల్టర్, ఏం దిద్దాం అన్న రెండు పంక్తులు చాలు.

ఇదంతా పెద్దమ్మకు నేను ఒక్కరోజులో చెప్పలేదు. రంగులు ఉన్నాయనీ, మన కంటికి చాలినంత వెలుగు లేదనీ, ఇరవై నిమిషాల వెలుగును ఒక్కచోట పోగేశాననీ చెప్పాను. ఫోటోను ఒంగోలులో ప్రింటు వేయించి, పటం కట్టించి ఇచ్చేటప్పుడు దాని కింద తేదీ, ఊరి పేరు, ‘మూడు సెకన్లు, నాలుగు వందల ఫోటోలు’ అని రాశాను. ఆమె అది చదివించుకుని విని, ఒకటి మరిచిపోయావంది. ఆ రాత్రి పది దాటాక అరగంట సేపు ఊళ్లో కరెంటు పోయింది, వీధి దీపాలన్నీ ఆరిపోయాయి. తాను మిద్దె మీద ఆ మరకను చూడగలిగింది అప్పుడే. మంచి ఫోటోలన్నీ ఆ అరగంటలో వచ్చినవేనని కంప్యూటర్‌లో సమయం చూస్తే నాకూ తెలిసింది. పటం మళ్లీ నా చేతికి తీసుకుని, పెన్ను పట్టి, నాలుగో పంక్తిగా అదీ రాశాను.